నేల కింద ఒకటి, నేల మీద ఒకటి

మా ఇంట్లో ఐదుగురం. మధ్యాహ్నం పూట మాత్రం నాలుగు చోట్ల తింటాం. నాయన బేల్దారి. ఇప్పుడు గుంజూరు పక్క ఒక బిల్డింగు పనిలో ఉన్నాడు. అమ్మ ఒక పెద్ద అపార్టుమెంటులో మూడిండ్లలో వంట చేస్తుంది. అవ్వ వర్తూరులో మా ఇంటికాడనే ఉంటుంది, ఒక్కతే. నేను, తమ్ముడు బడిలో అక్షర దాసోహ భోజనం చేస్తాం. మా ఇద్దరికీ వేడి అన్నం, వేడి సాంబారు, పక్కన కూర్చోడానికి స్నేహితులు ఉన్నారు. మమ్మల్ని చదివించడానికి కష్టపడే ఆ ముగ్గురికీ మధ్యాహ్నం పూట ఇవేవీ లేవు.

నాయన క్యారియర్ తీసుకపోతాడు. బండికి తగిలిస్తే గుంతల రోడ్డులో సాంబారు కారిపోయి సంచి అంతా తడుస్తుంది. సగం రోజులు బయట బోండాలు తిని కడుపు నింపుకుంటాడు. అవ్వకు మిగిలినవి నాలుగే పళ్లు. ఒక్కతే కూర్చోని తినబుద్ధి కాదని టీ తాగి పడుకుంటుంది. అమ్మ అయితే అసలు డబ్బానే తీసుకపోదు. మూడిండ్ల వాళ్లకు టైముకు వండిపెట్టి, తను మూడున్నరకు ఇంటికొచ్చి తింటుంది. కడుపులో మంట అని మాత్రలు మింగుతుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ “టైముకు తినమ్మా” అని చెప్పింది. ఎక్కడ కూర్చోని తినాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను ఒకరోజు అడిగితే అమ్మ ఇట్లా అన్నది: “మెట్ల మీద కూర్చుంటే లేపుతారు. కింద బెంచీలు ఉన్నాయి గానీ అవి మనకు కాదంట. వాళ్ల వంటింట్లో నిలబడి తింటే ఆ ఇంటామె ఏమనుకుంటుందో! ఎందుకొచ్చిన గోల, ఇంటికొచ్చే తింటాలే.”

నాకు ఆ మాట బాగా గుర్తుండిపోయింది. దానికి నాకు దొరికిన చిన్న ఉపాయం ఒక పుస్తకంలోంచి వచ్చింది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో చదవమని మా తెలుగు సార్ ‘రైలుబడి’ అనే పుస్తకం ఇచ్చారు. జపాను రచయిత్రి టెట్సుకో కురోయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకం అది. జపానులో 1981లో వచ్చింది. అందులో పిల్ల పేరు టోటోచాన్. బడి పేరు తొమోయె. పాత రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. ఆ బడి హెడ్మాస్టరు కొబయాషి గారు. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకునే అన్నం డబ్బాకు ఆయన ఒకే ఒక్క నియమం పెట్టారు. డబ్బాలో సముద్రం నుంచి వచ్చింది కొంచెం, కొండ నుంచి వచ్చింది కొంచెం ఉండాలి. అంతే. చేప, సముద్రపు నాచు లాంటివి సముద్రం. కూరగాయలు, గుడ్డు, మాంసం లాంటివి కొండ.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరిచి కూర్చుంటే ఆయన వరుసగా చూసుకుంటూ వచ్చేవారు. వెనకనే ఆయన భార్య రెండు గిన్నెలు పట్టుకొని వచ్చేది. ఎవరి డబ్బాలోనైనా ఒకటి తక్కువైతే ఆయన “సముద్రం” అనో “కొండ” అనో అనేవారు. ఆమె వెంటనే ఆ గిన్నెలోంచి ఒక ముక్క వేసేది. తిట్టడం లేదు, మీ అమ్మ ఎందుకు పెట్టలేదు అని అడగడం లేదు. నేను ఆ పేజీ మూడుసార్లు చదివినాను. ఉన్నోళ్ల పిల్లలు, లేనోళ్ల పిల్లలు అనే తేడా డబ్బా తెరిచిన చోటే కదా బయటపడేది! ఆయన పెట్టిన ఆ చిన్న నియమం ఆ తేడాను ఆటలాగా మార్చేసింది. ఆ బడి 1945లో యుద్ధం బాంబులకు కాలిపోయింది. అన్నం డబ్బా ముచ్చట మాత్రం పుస్తకంలో మిగిలింది.

జపానులో ఇట్లా డబ్బాలో సర్దిన ఒక మనిషి భోజనాన్ని బెంటో అంటారు. సార్ ఫోనులోనూ, బడి లైబ్రరీలోనూ దాని గురించి ఇంకొంత వెతికినాను. ఆ మాట చైనా భాష నుంచి వచ్చిందంట. ‘వీలుగా ఉండేది’ అని అర్థం. పూర్వం అక్కడ నాటకాలు చూడబోయిన వాళ్లు ఒక అంకానికీ ఇంకో అంకానికీ నడుమ తినడానికి తీసుకపోయే డబ్బాకు ‘మకునోఉచి’ అని పేరు వచ్చింది. తెరల మధ్యది అన్నమాట. రైలు స్టేషన్లలో బెంటో అమ్మడం 1885లో ఉత్సునోమియా స్టేషనులో మొదలైందని చెప్పుకుంటారు. అప్పుడు పెట్టింది విందు భోజనం కాదు. పుల్లటి ఊరగాయ పెట్టిన రెండు అన్నం ముద్దలు, ముల్లంగి ఊరగాయ, వెదురు మట్టలో చుట్టి ఇచ్చారంట.

ఈ ముద్దను ‘ఒనిగిరి’ అంటారు. చేత్తో పిడికిలి పట్టడం అనే మాట నుంచి వచ్చిన పేరు. మన ముద్దే కదా! పోతన గారి భాగవతంలో కృష్ణుడు, గోపబాలురు యమున ఒడ్డున చల్దులు తినే పాఠం మనందరికీ తెలుసు. ఎడమ చేతిలో పెరుగన్నం ముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు. డబ్బా లేదు, చెయ్యే డబ్బా. చుట్టూ స్నేహితులు. ఆ పాఠం చెప్పేటప్పుడు సార్ “ఇది మన బెంటో రా” అన్నారు. పెద్దల మాట సద్దన్నం మూట అని అవ్వ అంటుంది గదా, ఆ మూట కూడా బెంటోనే. మనం పేరు మరిచిపోయి టిఫిన్ బాక్సు అంటున్నాం.

సరే, నేను చేసేది ఏమిటో చెప్తాను. ముందే ఒక మాట. నేను కొత్తగా వండేది ఏమీ లేదు. అమ్మ పొద్దున ఐదున్నరకు ఎట్లాగూ అన్నం, ఒక కూర చేస్తుంది. నేను చేసేది సర్దడమే. ఇరవై నిమిషాల పని. పదో తరగతి చదువు పాడు కాదు.

మొదట నియమం. కొబయాషి గారి సముద్రం మాకు కుదరదు. వర్తూరు నుంచి సముద్రం చాలా దూరం. మాకు దగ్గర ఉన్నది చెరువు. బెంగళూరులో బెళ్లందూరు చెరువు తర్వాత మాదే పెద్దది. కానీ ఊర్లోని మురికి నీళ్లు వచ్చి వచ్చి, 2015లో దాని నురుగు రోడ్డు మీదికి మంచులాగా ఎగిరి వచ్చింది. ఆ నీళ్ల చేపను డబ్బాలో పెడతామా! అందుకని నేనూ తమ్ముడూ మా నియమం మేమే పెట్టుకున్నాం: నేల కింద పండింది ఒకటి, నేల మీద పండింది ఒకటి. నేల కింద అంటే చెనిక్కాయలు, ఉర్లగడ్డ, క్యారెట్, బీట్రూట్, ముల్లంగి, ఎర్రగడ్డ. నేల మీద అంటే ఆకుకూర, చిక్కుడు, బీన్సు, అలసందలు, టమోటా. గుడ్డు ఎందులోకి వస్తుందని తమ్ముడు అడిగినాడు. కోడి నేల మీదనే కదా నడిచేది!

నేల కింద అనగానే మా ఇంట్లో మొదట గుర్తొచ్చేది చెనిక్కాయలు. మాది కదిరి పక్క పల్లె. చెనిక్కాయల రకాలకే కదిరి అని పేరు ఉంది, కదిరి 6 లాగా. వానలు లేక పంట పోయి మేము ఇక్కడికి వచ్చినాం. కాబట్టి వారంలో నాలుగు రోజులు మా డబ్బాల్లో చెనిక్కాయల పొడి ఉంటుంది. అవ్వ దాన్ని “మన చేను” అంటుంది.

ఇప్పుడు ముద్ద. జపాను వాళ్ల బియ్యం పొట్టిగా ఉంటుంది, దానంతటదే అంటుకుంటుంది. మన సోనా మసూరి పొడిపొడిగా విడిపోతుంది. అందుకని ఒక గిన్నె అన్నం విడిగా, నీళ్లు కొంచెం ఎక్కువ పోసి మెత్తగా దించుతాం. చెయ్యి తడి చేసుకొని, చిటికెడు ఉప్పు అద్దుకొని, అన్నం వేడిగా ఉన్నప్పుడే పట్టాలి. ఆరిన తర్వాత పడితే ముద్ద నిలబడదు. నడుమ చిన్న గుంత చేసి నిమ్మకాయ ఊరగాయ ముక్కో, చెనిక్కాయల పొడో పెట్టి మూసేయాలి. జపాను వాళ్లు ‘ఉమెబోషి’ అనే పుల్లటి కాయ ఊరగాయ పెడతారు. ఉప్పూ పులుపూ ఉంటే అన్నం తొందరగా పాడు కాదు. వాళ్లు పైన నల్లటి సముద్రపు నాచు చుడతారు. అది ఇక్కడ పెద్ద షాపుల్లో దొరుకుతుంది గానీ ధర చూసి అక్కడే పెట్టి వచ్చినాను. నేను వాడేది అరటాకు ముక్క, సెగ మీద వాడ్చింది. చుట్టి దారం కడితే చెయ్యి అంటుకోదు.

మూత పెట్టేముందు అన్నీ చల్లారాలి. ఇది చాలా ముఖ్యం. వేడిమీద మూస్తే ఆవిరి నీళ్లయి మధ్యాహ్నానికి వాసన వస్తుంది. కొబ్బరి చట్నీ, పెరుగన్నం నేను పెట్టను. రసం, సాంబారు అసలే పెట్టను. కూర నీళ్లు లేకుండా వేపుడులాగా ఉండాలి. ఒకటి ఇంకోదాంట్లో కలవకుండా జపాను వాళ్లు నడుమ ఆకు పెట్టేవారు, ఇప్పుడు ఆకులాగా కత్తిరించిన పచ్చ ప్లాస్టిక్కు పెడతారు. నాకు క్యాబేజీ ఆకు చాలు. దాన్ని కూడా తినేయొచ్చు. కొలత కూడా సులభం. డబ్బాను ఆరు భాగాలు అనుకుంటే మూడు భాగాలు అన్నం, రెండు భాగాలు కూరగాయలు, ఒక భాగం గుడ్డో పప్పుగింజలో. మా నాయన పాత క్యారియర్లో ఐదు భాగాలు అన్నమే ఉండేది.

ఇంక ఆట. జపానులో పిల్లల డబ్బాల్లో అన్నంతో ఎలుగుబంట్లు, పిల్లులు, బొమ్మల ముఖాలు చేస్తారు. దాన్ని ‘క్యారాబెన్’ అంటారు. మా ఇంట్లో బొమ్మల ఇంజనీరు తమ్ముడు. మిరియాలు కండ్లు, క్యారెట్ ముక్క ముక్కు, బీట్రూట్ రసం బుగ్గలు. పొద్దున ఇడ్లీ చేస్తే ఇంకా తేలిక. ఇడ్లీ అంటేనే తెల్లటి గుండ్రటి ముఖం కదా. కరివేపాకు రెండు ఆకులు పెడితే మీసాలు. తినేటప్పుడు మిరియాలు తీసెయ్యమని తమ్ముడు అందరికీ చెప్పి పంపుతాడు.

గుడ్డును గుండె ఆకారంలో చేయడం వాడికి చాలా ఇష్టం. ఉడికిన గుడ్డు వేడిగా ఉండగానే పెంకు తీయాలి. జ్యూసు డబ్బా అట్టను శుభ్రంగా కడిగి మధ్యకు మడిచి, ఆ మడతలో గుడ్డు పండబెట్టాలి. గుడ్డు వీపు మీద పొడుగునా ఒక వెదురు పుల్ల పెట్టి, రెండు కొసలా రబ్బరు బ్యాండ్లు వేయాలి. పది నిమిషాలు చన్నీళ్లలో ఉంచి, నడిమికి కోస్తే గుండె కనిపిస్తుంది. ఖర్చు ఒక గుడ్డే.

ముగ్గురికీ ఒకే డబ్బా పనికి రాదని కొన్ని రోజుల్లోనే తెలిసింది.

నాయన డబ్బాలో మొదటి రోజు ఇడ్లీ ముఖం పెట్టినాం. సాయంత్రం వచ్చి “పనోళ్లందరూ నవ్వినారు. నన్ను అంగన్‌వాడీలో చేర్చుతారంట” అన్నాడు. కోపం లేదు గానీ మళ్లీ వద్దన్నాడు. అప్పుడు నాకు చదివిన ఒక కథ గుర్తొచ్చింది. జపానులో ఒకయామా ప్రాంతాన్ని పాలించిన ఇకెడా మిత్సుమాసా అనే దొర, జనం పొదుపుగా ఉండాలని ఒక పులుసు, ఒక కూర కంటే ఎక్కువ తినకూడదని ఆజ్ఞ పెట్టినాడంట. జనం ఏం చేసినారంటే, చేపలూ కూరలూ అడుగున పెట్టి పైన అన్నం కప్పినారంట. పైనుంచి చూస్తే వట్టి అన్నమే. నాయన డబ్బా కూడా అట్లాగే సర్దినాం. పైన తెల్లన్నం, మధ్యలో పండుమిరపకాయ ఊరగాయ ఒక బొట్టు. జపాను వాళ్ల జెండాలాగా ఉంటుంది. వాళ్లకు కూడా ఇట్లాంటి డబ్బా ఉంది, దాని పేరు ‘హినోమారు’. అడుగున మాత్రం రోజుకు ఒకటి దాచుతాం. ఒకరోజు గుడ్డు గుండె, ఒకరోజు వేయించిన ఉర్లగడ్డ నక్షత్రాలు. నాయన ఇప్పుడు ఏమీ అనడు. డబ్బా ఖాళీగా తెస్తాడు. “ఈరోజు అడుగున ఏముందని మేస్త్రీ అడిగినాడు” అని మాత్రం ఒకసారి అన్నాడు.

అవ్వకు మెత్తటివి కావాలి. ముద్దలు చిన్నగా, నిమ్మకాయంత, పప్పు కలిపి చేస్తాను. చెనిక్కాయల పొడి మెత్తగా దంచుతాను. తొమోయె బడిలో బాగా నమిలి తినండి అని హెడ్మాస్టరు ఒక పాట కట్టి అన్నానికి ముందు పాడించేవారంట. ఆ మాట చెప్తే అవ్వ “నమిలేదానికి పళ్లు కూడా పంపించమను ఆ సారును” అన్నది. అవ్వ సమస్య నిజానికి పళ్లు కాదు, ఒంటరితనం. అందుకని ఆమె డబ్బాలో ఐదు ముద్దలు పెడతాం, మాలో ఒక్కొక్కరి ముఖం ఒక్కొక్క ముద్దకు. నాయనకు మీసం, అమ్మకు బొట్టు, నాకు రెండు జడలు. తమ్ముడిది ఎప్పుడూ నవ్వు ముఖం. అవ్వ మొదట నన్నే తింటుందంట. ఎక్కువ మాట్లాడతానని.

అమ్మ డబ్బా కష్టమైంది. “నాకెందుకమ్మా బొమ్మలు, నేనేమన్నా చిన్నపిల్లనా” అని రెండు రోజులు ఇంట్లోనే పెట్టి పోయింది. మూడో రోజు నేను డబ్బా వదిలేసి, అరటాకులో మూడు ముద్దలు చుట్టి ఆమె సంచిలో పెట్టినాను. “కూర్చోవాల్సిన పని లేదు. చెయ్యి కడగాల్సిన పని లేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కటి తిను” అన్నాను. బెంటో అనే మాటకు అర్థం వీలు అని చదివినాను కదా, అమ్మకు కావాల్సింది అదే. బల్లా కుర్చీ అడగని అన్నం.

ఆ రోజు ఆకులు ఖాళీ. మరుసటి రోజూ ఖాళీ. వారం తర్వాత అమ్మ “నాలుగు పెట్టు” అన్నది. ఎందుకని అడిగితే, అక్కడే పని చేసే ఇంకొక ఆమెకు ఒకటి ఇస్తుందంట. ఆమె బెంగాల్ నుంచి వచ్చింది. తెలుగు రాదు, అమ్మకు ఆమె భాష రాదు. ఇద్దరికీ కొంచెం కన్నడం, కొంచెం హిందీ వచ్చు. ఆమె ఇంకోరోజు చేప ముక్క తెచ్చి ఇచ్చిందంట. ఆ మాట విని తమ్ముడు ఎగిరినాడు: “సముద్రం వచ్చేసింది!” చెరువు చేపో, సముద్రం చేపో మాకు తెలియదు. కానీ ఒకరి డబ్బాలో లేనిది ఇంకొకరు వేయడం అంటే కొబయాషి గారు చేసింది అదే కదా. ఇప్పుడు వాళ్లు ముగ్గురు నలుగురు ఒంటిగంటకు గేటు బయట చెట్టు కింద పది నిమిషాలు కూర్చుంటారు. అది రోడ్డు. దుమ్ము ఉంటుంది. వాన వస్తే లేదు. అమ్మ కడుపులో మంట పూర్తిగా పోలేదు, తగ్గింది.

నా స్నేహితురాలు ఒకమ్మాయి అడిగింది: “ఇట్లా ముద్దలు చేసి ఇస్తే సరిపోతుందా? పని చేసే చోట కూర్చోడానికి జాగా ఇవ్వాలి కదా?” నిజమే. ముద్ద ఆ జాగాకు బదులు కాదు. వంట చేసే మనిషికి అన్నం తినే చోటు ఉండాలి. అది అడగాల్సిన వాళ్లు అడగాలి, ఇవ్వాల్సిన వాళ్లు ఇవ్వాలి. అది వచ్చేదాకా అమ్మ ఆకలితో ఉండకూడదని నేను ముద్ద చేస్తున్నాను.

జపానులో కూడా ఈ డబ్బాల వల్ల బాధ పడిన పిల్లలు ఉన్నారు. సుమారు వంద సంవత్సరాల కిందట, తళతళ మెరిసే అల్యూమినియం డబ్బాలు కొత్తగా వచ్చినప్పుడు, ఉన్నోళ్ల పిల్లల డబ్బా, లేనోళ్ల పిల్లల డబ్బా పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనపడేదంట. బడికి డబ్బాలు వద్దని కొందరు వాదించినారు. తర్వాత తర్వాత బడిలోనే అందరికీ ఒకే భోజనం పెట్టడం పెరిగింది. మనకు బడిలో ఒకే అన్నం పెట్టడం ఎంత మంచిదో నాకు ఇది చదివినాకనే అర్థమైంది. మన వరుసలో ఎవరి నాయన బేల్దారో, ఎవరి నాయనకు కొట్టు ఉందో తట్ట చూసి చెప్పలేం.

మీరు కూడా చేయాలనుకుంటే కొత్త డబ్బా కొనొద్దు. స్టీలు డబ్బా, క్యాబేజీ ఆకు, ఒక గుడ్డు చాలు. నేల కింద ఒకటి, నేల మీద ఒకటి వెతకండి. చల్లారిన తర్వాతే మూత పెట్టండి. అంతకంటే ముందు ఒక పని చేయండి. ఈరోజు ఇంటికి పోయి మీ అమ్మను, నాయనను ఒక ప్రశ్న అడగండి: “మధ్యాహ్నం ఎన్ని గంటలకు తిన్నావు? ఎక్కడ కూర్చోని తిన్నావు?” వాళ్లు ఏం చెప్తారో విన్న తర్వాత డబ్బాలో ఏం పెట్టాలో మీకే తెలుస్తుంది.